ఓడినవాళ్లే ఆట చెప్పాలి

మా బడిలో ఆటల పీరియడ్ మీద అందరికంటే ఎక్కువ ప్రేమ నాకే ఉండేది. అడిగినప్పుడల్లా దొరికేది మరి. నేను లెక్కల టీచర్ని. పాఠాలు కాస్త వెనకబడ్డాయంటే చాలు, స్టాఫ్ రూములో ఆటల మాస్టారి కుర్చీ పక్కకి చేరి, "ఈ బుధవారం తొమ్మిదో తరగతిని నాకు వదిలేయండి మాస్టారూ" అనేదాన్ని. "అలాగే టీచరుగారూ, తీసుకోండి" అనేవారాయన. కాదనడం ఆయనకి చేతకాదు. ఆ సంగతి తెలిసే అడిగేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. బూట్ల తాళ్లు బిగించుకుని కూర్చున్న నలభైరెండు మంది, గుమ్మంలో ఆయన బదులు నన్ను చూసి ఒక్కసారిగా ఊపిరి వదిలేవాళ్లు. ఆ గాలికి నా చేతిలో సుద్దముక్క పొడి ఎగిరేది.

ఆయన్ని పిల్లలు ఈల మాస్టారు అంటారు. ఉద్యోగంలో చేరిన వారానికే బడివాళ్లిచ్చిన విజిల్ పోగొట్టుకుని, కొత్తది అడగడానికి మొహమాటపడి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేయడం నేర్చుకున్నారు. పంతొమ్మిదేళ్లుగా అదే విజిల్. చూస్తే ఆటల మాస్టారని ఎవరూ అనుకోరు. పొట్టి మనిషి, దళసరి కళ్లద్దాలు, కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు టకటకమంటుంది. వాళ్లావిడ ఆస్పత్రిలో నర్సు. "మా ఇంట్లో పరిగెత్తేది నేనొక్కదాన్నే, జీతం మాత్రం పరిగెత్తించినందుకు ఆయనకిస్తారు" అని ఓసారి బడికి వచ్చినప్పుడు అందరి ముందూ అంది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు.

ఆయన చిన్నప్పుడు బొమ్మలు వేసేవారట. డ్రాయింగ్ మాస్టారు కావాలని కోరిక. ఖాళీ మాత్రం ఆటల మాస్టారి శిక్షణలోనే ఉందట. దర్జీ పని చేసే వాళ్ల నాన్న, "ముందు దొరికిందాన్లో దూరరా, తర్వాత చూద్దాం" అన్నారట. అలా శిక్షణకి వెళ్లారు. నూటపది మందిలో నూటపదోవారుగా బయటికి వచ్చారు. పరుగులో చివర, దూకడంలో చివర, తాడు ఎక్కే పరీక్షలో అసలు నేలే వదల్లేదు. ఇవన్నీ ఎవరో చెప్పినవి కావు. టీ తాగుతూ ఆయనే పూసగుచ్చినట్టు చెప్పేవారు. సర్టిఫికెట్ చేతికిస్తూ అక్కడి పెద్దాయన, "ఏమయ్యా, నువ్వు పిల్లలకి ఏం నేర్పుతావు?" అని అడిగాడట.

"ముందొచ్చేవాళ్లకి నేను నేర్పేదేం లేదండి. చివరొచ్చేవాళ్లని చూసుకుంటాను" అన్నారట మన మాస్టారు.

మాట అనడం తేలికే, ఆయన చేసి చూపించారు. మా బడి మైదానం ఏటవాలుగా ఉంటుంది. పైన తరగతి గదులు, కింద ఎర్ర ఇటుకల గోడ. బంతి ఎటు తన్నినా చివరికి గోడ దగ్గరికే చేరుతుంది. జట్లు కట్టేటప్పుడు ఎవరికీ అక్కర్లేని పిల్లలు కూడా అక్కడికే చేరేవాళ్లు. ఆయన వచ్చిన ఏడాదే మైదానం చుట్టూ సున్నంతో గీత గీసి రెండే రెండు నియమాలు పెట్టారు. గీత లోపల ఉన్నవాళ్లంతా ఆటలో ఉన్నట్టే, కూర్చున్నా సరే. తప్పు చేసినా, పట్టుబడినా, చివర మిగిలినా ఓడినట్టే, కానీ తర్వాతి ఆట ఓడినవాళ్లే చెప్పాలి. కొత్తది తోస్తే కొత్తది, తోచకపోతే పాతది. వాళ్లు ఏం చెబితే అందరూ అదే ఆడాలి.

దాంతో మైదానం తలకిందులైంది. బాగా పరిగెత్తేవాళ్లకి ఆట చెప్పే అవకాశమే రాదు. చెప్పేవాళ్లంతా పరుగు రానివాళ్లు. వాళ్ల బుర్రల్లో ఎన్నాళ్లుగా ఏం దాచుకున్నారో గానీ, ఆటలు పుట్టుకొచ్చాయి. "మతిమరుపు తాతయ్య" అని ఒకటుంది. గోడదాకా పరిగెత్తి, ఎందుకొచ్చామో మర్చిపోయి, వెనక్కొచ్చి ఎవరినో ఒకరిని అడగాలి. వాళ్లు చెప్పిన అబద్ధం ప్రకారం మళ్లీ పరిగెత్తాలి. "అలిగిన అత్తయ్య" ఇంకొకటి. ఒకరు మూతి ముడుచుకుని కూర్చుంటే మిగతావాళ్లు ఒంటికాలి మీద గెంతుతూ ఆవిడ చుట్టూ తిరిగి బతిమాలాలి. అత్తయ్య నవ్విందా, ఓడిపోయింది. నేను పైన కిటికీ పక్కన భిన్నాలు చెబుతుంటే కింద నుంచి "అత్తయ్యా, ఈ ఒక్కసారికీ నవ్వండత్తయ్యా" అని నలభై గొంతులు వినిపించేవి. నా క్లాసు మొత్తం కిటికీవైపు ఒరిగిపోయేది. ఒళ్లు మండిపోయేది నాకు.

తొమ్మిదో తరగతిలో నిచ్చెన అనే అమ్మాయి ఉంది. పదమూడేళ్లకే మాస్టారి కంటే జానెడు పొడవు. ఆ పేరు తనే పెట్టుకుంది. "ఎవరో ఒకరు ఎలాగూ పెడతారు కదా టీచర్, నేనే మంచిది చూసి పెట్టేసుకున్నా" అంది నాతో. ఆటల పీరియడ్ వచ్చిందంటే ఆ పిల్ల చేతిలో ఒక చీటీ ఉండేది. ఓసారి కడుపునొప్పి, ఓసారి తలనొప్పి, ఓసారి చెవిపోటు. అన్నీ వాళ్లమ్మ రాసినట్టే ఉండేవి, అక్షరాలు మాత్రం నిచ్చెనవి. మాస్టారు ఏ చీటీనీ కాదనలేదు. "పాపం, చెవిపోటా? అలా గీత లోపల కూర్చో తల్లీ" అనేవారు. ఆ ఏడాదే మా బడిలో చేరిన ఆ పిల్లకి నియమం తెలీదు. నాలుగో రోజు ఎవరో వచ్చి వీపు తట్టి, "నువ్వు ఓడావు, ఆట చెప్పు" అన్నారట.

ఆమె బిత్తరపోయి, ఇంట్లో తనకి రోజూ జరిగే సంగతే చెప్పింది. స్టవ్ మీద పాలు పెట్టి ఏదో ఆలోచనలో పడతానని, పొంగాక పరిగెత్తుతానని. అదే "పాలు పొంగాయి" అనే ఆటయింది. అందరూ ఎవరి పనిలో వాళ్లు ఉండాలి. ఆట చెప్పినవాళ్లు "పాలు పొంగాయి" అని చెయ్యి చాపి ఒకచోటు చూపిస్తారు. అదే పొయ్యి. అందరూ ఉరికి దాన్ని ముట్టుకోవాలి. చివర ముట్టుకున్నవాళ్లు ఓడినట్టు. ఆ రోజు నుంచి నిచ్చెన చీటీ తేలేదు. ఆటల పీరియడ్ ముందు ఆ పిల్ల డెస్కు కింద కాళ్లు ఒకచోట నిలిచేవి కావు.

ఇంతలో కొత్త హెడ్మాస్టరుగారు వచ్చారు. చెడ్డ మనిషి కాదు, భయస్తుడు. లెక్కల్లో మా బడి ఫలితాలు చూసి ఆయన మొహం వాడిపోయింది. ఆటల మాస్టారినీ నన్నూ గదిలోకి పిలిచారు.

"వచ్చే నెల తనిఖీకి అధికారి వస్తున్నారు మాస్టారూ. మన మైదానంలో జరిగేదాన్ని ఏమంటారో నాకు తెలీడం లేదు. ఆవిడ ముందు చక్కగా డ్రిల్లు చేయించండి. ఒక్క తప్పు లేకుండా జరిగితే బుధవారం, శనివారం పీరియడ్లు మీవే. లేదంటే ఆ రెండూ లెక్కలకి రాసేస్తాను."

"డ్రిల్లా అండి?" అన్నారు మాస్టారు. ఆ తర్వాత, "అలాగేనండి" అన్నారు. నా వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేదు. లోపల మాత్రం వారానికి రెండు పీరియడ్లు ఎక్కువ వస్తే బీజగణితం ఎప్పటికల్లా ముగుస్తుందో లెక్కేసుకుంటున్నాను.

మూడు వారాలు డ్రిల్లు నడిచింది. చేతులు పైకి, చేతులు పక్కకి, కుడికి తిరుగు, ఎడమకి తిరుగు. కిటికీ బయట ఒక్క నవ్వు లేదు. నా క్లాసులు ప్రశాంతంగా సాగాయి. కోరుకున్నది అదే కదా, అయినా ఏదో వెలితి. రెండో వారం మాస్టారి బల్ల మీద చీటీలు మొదలయ్యాయి. మూడోవారం పదిహేడు చీటీలు. అన్నిటికంటే పైన నిచ్చెనది: చెవిపోటు. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"ఈ అమ్మాయికి చెవిపోటు తగ్గి ఏడు నెలలైంది టీచరుగారూ" అన్నారు. ఆయన గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. టీ చల్లారిపోతోందన్నాను నేను.

ఆ పీరియడ్లు పోతే ఆయన ఉద్యోగం పోదు. జీతం తగ్గదు. కానీ ఆయనకి బడంటే ఆ రెండు పీరియడ్లే. మిగతా వారమంతా వాటికోసం ఎదురుచూడటమే. ఇది నాకూ తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

తనిఖీ శనివారం వచ్చింది. అధికారి నిండైన మనిషి, ఒక్క ముడత లేని బట్టలు, చేతిలో నీలం ఫైలు. మైదానం కింద, గోడ పక్కన నీడలో ఆవిడకి కుర్చీ, బల్ల, మంచినీళ్ల గ్లాసు. పక్కన హెడ్మాస్టరుగారు. ఇంకో పక్కన మాస్టారు, మోకాలు నొప్పికి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. నేను దిద్దాల్సిన పేపర్ల కట్టతో పైన మెట్ల దగ్గర, సున్నం గీతకి ఓ రెండడుగుల లోపల నిలబడ్డాను. ఎందుకొచ్చావంటే, చూడ్డానికి.

పదకొండు నిమిషాలు డ్రిల్లు గడియారంలా నడిచింది. అధికారి ఫైలులో ఏదో రాసుకుంటున్నారు. హెడ్మాస్టరుగారి మొహంలోకి రంగు తిరిగి వస్తోంది. "చేతులు ముందుకి, కుడికి తిరుగు" అన్నారు మాస్టారు. నలభైఒక్క మంది కుడికి తిరిగారు. నిచ్చెన ఎడమకి తిరిగింది.

పక్క అమ్మాయి ముక్కూ నిచ్చెన గడ్డమూ ఢీకొన్నాయి. అయినా నిచ్చెన గబుక్కున సర్దుకుని తిరిగుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ మిగతావాళ్లు ఆగిపోయారు. తప్పు చేసిన మనిషిని చూడగానే వాళ్ల కాళ్లు వాటంతటవే ఆగాయి, తలలు అటు తిరిగాయి. అలవాటు అలాంటిది. ఎవరూ ఎగతాళి చేయలేదు. నలభైఒక్క మంది మర్యాదగా ఎదురుచూస్తున్నారు. తప్పు చేసింది కదా, ఆట చెప్పాలి. మాస్టారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు, చూసేవాళ్లెవరు?

నిచ్చెన నాలుకతో పెదాలు తడుపుకుంది. మూడు వారాలుగా ఆడని పిల్ల. డ్రిల్లు కోసం చాపిన చెయ్యి ఇంకా దించలేదు. ఆ పొడుగాటి చెయ్యి సూటిగా అధికారి బల్ల వైపు ఉంది.

"పాలు పొంగాయి" అంది.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పడం నావల్ల కాదు. నలభైరెండు మంది కేకలు పెడుతూ పల్లానికి ఉరికారు. పల్లం కాబట్టి ఎవరూ ఆగలేకపోయారు. హెడ్మాస్టరుగారు గ్లాసు కాపాడబోయి బల్ల మీద బోర్లా పడ్డారు. గ్లాసు ఎలాగూ పోయింది, నీళ్లు నీలం ఫైలు మీద. అధికారి రెండు కాళ్లూ కుర్చీ మీదకి లాక్కున్నారు. ఒక నిమిషానికి దుమ్ము తగ్గాక చూస్తే, ఆ బల్ల కనపడనంతగా పిల్లల చేతులు దాని మీద ఉన్నాయి.

"ఏమిటిది?" అన్నారు అధికారి, కాళ్లు దించకుండానే.

నిచ్చెనే ముందుకొచ్చి, పాఠం అప్పజెప్పినట్టు, గీత సంగతీ, ఓడినవాళ్ల సంగతీ, పాల సంగతీ చెప్పింది. "మీ బల్లే పొయ్యి అండి. చివర ముట్టుకున్నవాళ్లు ఓడినట్టు."

అధికారి తన చెయ్యి చూసుకున్నారు. బల్ల మీదే ఉంది. హెడ్మాస్టరుగారు ఒళ్లంతా బల్ల మీదే ఉన్నారు. మాస్టారు మొదటినుంచీ అంచు పట్టుకునే ఉన్నారు. "మరి ఓడిందెవరు?" అని అడిగారావిడ.

నలభైరెండు వేళ్లు పైకి, మెట్ల వైపు, నా మీదకి లేచాయి.

నేను నిలబడ్డది గీత లోపలే. కిందకి నడిచి వెళ్లాను. పేపర్ల కట్ట ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "అందరూ లైన్లో నిలబడండి, క్లాసుకి పదండి" అంటే చాలు, అంతటితో అయిపోయేది. ఓడినవాళ్ల మాట ఎవరూ కాదనరు. ఆ రెండు పీరియడ్లూ నావే. పిల్లలకీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ నలభైరెండు మొహాల్లో ఉన్నది భయం కాదు, ఆత్రం. లెక్కల టీచర్ ఏం ఆట చెబుతుందా అని చచ్చేంత ఆత్రం. పదహారేళ్ల ఉద్యోగంలో నేను నోరు తెరవబోతుంటే పిల్లలు అలా చూడటం అదే మొదటిసారి.

"చెప్పండి టీచరుగారూ, అందరూ ఎదురుచూస్తున్నారు" అన్నారు అధికారి.

నాకు తెలిసింది ఒక్కటే. "ఆట పేరు శేషం" అన్నాను. "నేనొక అంకె చెబుతాను. అంతమంది చొప్పున గుంపులు కట్టాలి. గుంపు దొరక్క మిగిలినవాళ్లు శేషం. వాళ్లు ఓడినట్టు."

మైదానం ఊగిపోయింది. మొదటి ఆటలోనే ఎవరూ మిగలకూడదని నాకనిపించింది. గబగబా లెక్కేశాను. పిల్లలు నలభైరెండు. అధికారినీ హెడ్మాస్టరుగారినీ అప్పటికే చెరో చెయ్యీ పట్టుకుని లాగేస్తున్నారు, వాళ్లతో నలభైనాలుగు. నాలుగుతో భాగిస్తే పదకొండు, శేషం సున్నా.

"నాలుగు" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

తోసుకున్నారు, లాక్కున్నారు, హెడ్మాస్టరుగారి కోసం రెండు గుంపులు కొట్టుకున్నాయి. అధికారి బూటు ఒకటి ఊడిపోతే అలాగే పరిగెత్తి ముగ్గురు అమ్మాయిల మధ్య దూరారు. పదకొండు గుంపులు తేలాయి. శేషం సున్నా అనుకుని చూశాను. మైదానం మధ్యలో ఒకరు మిగిలి ఉన్నారు.

ఈల మాస్టారు. ఎటు వెళ్లాలో తెలీక అక్కడే నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

నేను ఆయన్ని లెక్కలో వేయలేదు. లెక్కల టీచర్ని, నలభైఐదు మందిలో నలభైనాలుగు మందే కనపడ్డారు నాకు. పదేళ్లుగా ఆయన పీరియడ్లు తీసుకుంటూ కూడా ఆయన్ని ఒక్కసారీ లెక్కలో వేయలేదని ఆ క్షణంలో తెలిసొచ్చి సిగ్గేసింది. ఏదో అనబోయేంతలో పిల్లలకి విషయం అర్థమైంది. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ జరగనిది జరిగింది.

"మాస్టారు ఓడిపోయారు" అని ఎవరో అన్నారు. ఆ మాట గుంపు గుంపుకీ పాకింది. గెంతారు, కౌగిలించుకున్నారు, కొందరు నేల మీద దొర్లారు. "మాస్టారూ, మీరు గీత లోపల ఉన్నారు. ఆట చెప్పాలి" అంది నిచ్చెన.

ఆయన కళ్లద్దాలు మళ్లీ తుడిచారు. నాకు తెలుసు, అవి మసకబారింది దుమ్ముతో కాదు. "నన్నెప్పుడూ ఎవరూ అడగలేదర్రా" అన్నారు చివరికి. "ఆలోచించుకోవాలి. బుధవారం చెబుతాను."

గంట కొట్టారు. హెడ్మాస్టరుగారు చొక్కా సర్దుకుంటూ, "బుధవారం అంటే... డ్రిల్లు చెడింది కదా, ఆ పీరియడ్ ఇక లెక్కలకి..." అని నసిగారు.

అధికారి తడిసిన ఫైలు విదిలించారు. "ఏమ్మా, ఓడినవాళ్లు ఆట చెప్పాలా, వద్దా?" అని నిచ్చెనని అడిగారు.

"చెప్పి తీరాలండి."

"అయితే బుధవారం ఆటల పీరియడ్ ఉంటుంది."

"మరి శనివారం అండి?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"బుధవారం ఎవరో ఒకరు ఓడిపోతారు కదండీ" అన్నారావిడ, ఊడిన బూటు వేసుకుంటూ.

హెడ్మాస్టరుగారు దిక్కుతోచక నా వైపు తిరిగారు. "మీ పాఠాలో టీచరుగారూ?"

"నా పాఠాలు నా పీరియడ్లలోనే అయిపోతాయండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు పదేళ్లు పట్టింది.

బుధవారం నేనే ముందు దిగాను మైదానంలోకి, బూట్ల తాళ్లు రెండు ముళ్లేసుకుని. హెడ్మాస్టరుగారు టీ కప్పుతో గీతకి సరిగ్గా అడుగు బయట నిలబడ్డారు. మాస్టారి బల్ల మీద ఆ రోజు ఒక్క చీటీ లేదట. మాస్టారు కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. నాలుగు రోజులుగా ఇంట్లో కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఒకటే ఆలోచన అని వాళ్లావిడ చెప్పిందట.

"ఆట పేరు ఆలస్యం" అన్నారు. "ఇక్కడ్నించి గోడదాకా వెళ్లాలి. ఆగకూడదు, వెనక్కి అడుగేయకూడదు. ముందు చేరినవాళ్లు ఓడినట్టు. అందరికంటే చివర చేరినవాళ్లు గెలిచినట్టు." కాస్త ఆగి, "నేనూ ఆడతాను" అన్నారు. నూటపదోవాడికి తన ఆట దొరికిందని ఆ మొహం చూస్తే తెలిసిపోతోంది.

ఈల పడింది. నలభైనాలుగు మందిమి చీమల కంటే నెమ్మదిగా కదిలాం. నిచ్చెన ఒక కాలు గాల్లోకి ఎత్తి, దాన్ని దించడానికి ఎంతసేపు పట్టిందంటే, నేను పక్కనుంచి చూస్తూ నవ్వాపుకోలేక ఒక అడుగు ఎక్కువ వేసేశాను. మాస్టారు మొదటి పది అడుగులూ అద్భుతంగా వేశారు. పదకొండో అడుగు దగ్గర పల్లం మొదలైంది. టకటకమని కుడి మోకాలు పలికింది. ఎవరో నవ్వారు, ఆయనకీ నవ్వొచ్చింది, నవ్వితే మోకాలు పట్టు వదిలింది. ఇక ఆగలేదు. ఒక అడుగు, రెండు, పది, చేతులు గాల్లో ఆడిస్తూ, "పట్టుకోండర్రా" అని అరుస్తూ, మా అందరినీ దాటుకుంటూ పోయి రెండు చేతులతో గోడని ముట్టుకున్నారు.

జీవితంలో మొదటిసారి మొదట వచ్చారు, ఓడిపోయారు.

మేమంతా, ఆగకూడదు కాబట్టి, నవ్వుతూనే అంగుళం అంగుళం జరుగుతున్నాం. ఆ రోజు అందరికంటే చివర నిచ్చెన గోడ చేరేసరికి గంట కొట్టి అయిదు నిమిషాలైంది. మాస్టారు అప్పటిదాకా గోడకి వీపానించి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"మాస్టారూ, మళ్లీ మీరే చెప్పాలి" అంది నిచ్చెన.

"శనివారం చెబుతాను" అన్నారాయన.